నలభై మైక్రాన్ల లెక్క

మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ మీదికి కాస్త వంగి చూస్తే, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. అదే కారును వేపచెట్టు నీడలోకి జరిపితే ఒక్క గీతా కనిపించదు. షోరూమ్ లైట్ల కింద కొత్త కారును చూసి మురిసిపోయినవాళ్లు రెండేళ్లు తిరక్కుండానే ఇలా ఎండలో చూసి దిగులుపడటం అనంతపురంలో మామూలే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇక్కడ కాసేది అలాంటి ఎండే.

నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు. ఎటుపడితే అటు, అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుగు వచ్చే దిక్కుకు అడ్డంగా పడినవి మాత్రమే మన కంటికి మెరుస్తాయి కాబట్టి వెలుగు చుట్టూ చుట్టుకున్నట్టు అగపడతాయి. చూసే మనిషి ఓ అడుగు పక్కకు జరిగితే వలయాలూ అతనితో పాటే జరుగుతాయి. పాలిష్ నేర్చుకోవాలనుకునేవాళ్లు మెషిన్ కొనకముందే చేయాల్సిన పని ఇది: ఒక చేత్తో టార్చి పట్టుకుని, కారు చుట్టూ తిరుగుతూ, ఏ గీత ఎక్కడుందో, ఎంత లోతుందో చూడటం. గోరుతో మెల్లగా తడిమితే తగులుకునే గీత ఒక రకం, తగలనిది ఇంకో రకం. రెండో రకాన్నే పాలిష్‌తో తీయాలి. మొదటిదాని జోలికి పోకపోవడమే మంచిది. ఎందుకో తెలియాలంటే కారు ఒంటి మీద ఏముందో తెలియాలి.

ఈ ప్రాంతానికి కార్లతో అనుబంధం మరీ పాతది కాదు, కానీ గట్టిది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న కియా సంస్థ, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ కట్టింది. 2019 జనవరి 29న ట్రయల్ కారు బయటికొచ్చింది, ఆగస్టు 8న మొదటి సెల్టోస్ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. నేల మాత్రం అదే ఎర్రనేల, గాలి అదే గాలి. ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా పెయింట్ షాపుకు ఆ గాలంటేనే భయం. లోపలికి వచ్చే గాలినంతా వడగడతారు. పనివాళ్లు ఒళ్లంతా కప్పుకుని, దుమ్ము దులిపే గాలి జల్లుల కింద నిలబడి మరీ లోపలికి అడుగు పెడతారు. అంత జాగ్రత్తగా పూసిన పూత, గేటు దాటిన రోజే ఎర్రదుమ్ములోకి దిగుతుంది.

పూత అంటే ఒక్కటి కాదు. ఉక్కు రేకు మీద ముందు ఫాస్ఫేట్ పొర. తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటు పారించి పట్టించే తుప్పు నిరోధక పూత. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగే లేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిసినా సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50. మనిషి తల వెంట్రుక మందం దాదాపు 70. అంటే లక్షలు పోసి కొన్న కారు నిగనిగంతా సగం వెంట్రుకలో ఉందన్నమాట. కింద ఉన్న రంగు ఎండకు వెలిసిపోకుండా అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు కూడా ఆ సగం వెంట్రుకలోనే ఉంటాయి.

దాని మీద గీతలు పడటానికి ఎవరో పనిగట్టుకుని గీకనక్కర్లేదు. అనంతపురం దుమ్ము చాలు. ఇక్కడి నేల గ్రానైటు, నైసు రాళ్లు చిట్లి, చితికి అయిన మట్టి. అందులో క్వార్ట్జ్ ఇసుక పుష్కలం. మోస్ కొలమానంలో క్వార్ట్జ్ గట్టిదనం 7, కత్తి ఉక్కుకన్నా ఎక్కువే. క్లియర్ కోట్ దాని ముందు మెత్తటి ప్లాస్టిక్కు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా దక్కని జిల్లా ఇది. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన అనంతపురానిదేనని బడి పుస్తకాల నుంచి ప్రభుత్వ నివేదికల దాకా రాస్తూనే ఉంటారు. నైరుతి గాలి ఇక్కడికి మేఘాలను తెచ్చినా తేకున్నా దుమ్మును మాత్రం తప్పకుండా తెస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలి బలం చూసే. బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వైపు వెళ్తే హగరి నది ఇసుక దిబ్బలు దిబ్బలుగా పొలాల మీదికి జరిగొచ్చిన తీరు కనిపిస్తుంది.

ఇంత ఇసుక మధ్య పొద్దున్నే పసుపు గుడ్డ పట్టుకుని కారు తుడవడం చాలా ఇళ్లలో అలవాటు. ప్రేమతో చేసే పనే. కానీ ఆ గుడ్డ కింద ఉన్నది ఇసుక. రోజూ తుడిచే కారు మీదే ఎక్కువ గీతలుంటాయి. వారానికోసారి కడిగే కారు దానికన్నా నయంగా ఉంటుంది.

కడిగితే నీళ్ల సంగతి వస్తుంది. ఇక్కడి బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. బిందెల అడుగున తెల్లగా పేరుకునే ఆ లవణమే, ఎండలో కారు మీద ఆరిన ప్రతి చుక్క చుట్టూ ఒక రింగు గీసి పోతుంది. ఆ రింగు అలాగే ఎండలో కాగితే క్లియర్ కోట్‌లోకి దిగుతుంది. ఆ తర్వాత గుడ్డతో ఎంత రుద్దినా పోదు. అందుకే ఈ పీఠభూమిలో కారు పాలిష్ అనేది షోకు కోసం మాత్రమే పుట్టిన అవసరం కాదు.

ఇక అసలు విషయం. పాలిష్ చేస్తే మెరుపు వచ్చి చేరుతుందని చాలామంది నమ్మకం. ఏమీ వచ్చి చేరదు. గీత లోతు ఎంతో, దాని చుట్టూ ఉన్న పూతనంతా అంత లోతుకు దించితేనే గీత పోతుంది. మెరుపు కోసం చెల్లించేది ఆ పూతనే.

దీన్ని కళ్లారా చూడాలంటే తాడిపత్రి వెళ్లాలి. అక్కడి నాపరాయి గని నుంచి వచ్చినప్పుడు బూడిదరంగులో, గరుకుగా, ఏ ఆకర్షణా లేకుండా ఉంటుంది. పాలిష్ ఫ్యాక్టరీలో నీళ్లు పోస్తూ ముందు గరుకు రాయి చక్రాలతో, తర్వాత అంతకన్నా సన్నని వాటితో, ఆ తర్వాత ఇంకా సన్నని వాటితో రుద్దుతారు. ఒక్కో చక్రం దాటేకొద్దీ బండ నల్లబడుతుంది. చివరికి ముఖం చూసుకోవచ్చు. ఎవరూ నల్లరంగు పూయలేదు. గరుకుతనం వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టినంత కాలం రాయి బూడిదరంగుగా కనిపించింది, చెదరగొట్టడం ఆగాక దాని అసలు నలుపు బయటపడింది. కారు రంగు పాలిష్ తర్వాత ముదిరినట్టు, లోతు పెరిగినట్టు కనిపించడానికి కారణం అచ్చంగా ఇదే. ఆ బండ నుంచి పోయిన రాయి ఏమైంది అన్నదానికీ తాడిపత్రిలో జవాబుంది. ఫ్యాక్టరీల పక్కన ఆరబెట్టిన బురద గుట్టలే ఆ జవాబు. బండకు అంగుళం మందం ఉంది కాబట్టి ఆ నష్టం లెక్కలోకి రాదు. కారుకు అంత మందం లేదు.

మూడు వందల ఏళ్ల కిందటే న్యూటన్ ఈ సంగతి గమనించాడు. 1704లో అచ్చయిన 'ఆప్టిక్స్' గ్రంథంలో అద్దాల పాలిష్ గురించి చెబుతూ, రుద్దుడు వల్ల గీతలు పూర్తిగా పోవని, కంటికి ఆననంత చిన్నవవుతాయని వివరించాడు. నేటి పాలిష్ డబ్బాలో ఉండేదీ గీతలు పెట్టే పొడే. ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్. సాన పట్టడానికి మన పూర్వులు వాడిన కురువిందం కూడా రసాయనికంగా అదే.

కార్ల పూత మొదటినుంచీ ఇలా లేదు. వందేళ్ల కిందట గుర్రపుబండ్లకు వేసినట్టే వార్నిష్ రంగులు వేసేవారు. ఒక్కో కారు ఆరడానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీ డ్యూకో లక్కర్ తెచ్చాక, 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లతో ఆ తిప్పలు తీరాయి. గంటల్లో ఆరే రంగులు వచ్చాయి, రకరకాల రంగులూ వచ్చాయి. రెండు రంగుల కార్లు మోజైనప్పుడు రంగుకూ రంగుకూ మధ్య గీత తిన్నగా రావడం కష్టమైంది. దానికోసం 1925లో త్రీఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే యువకుడు మాస్కింగ్ టేపు కనిపెట్టాడు. నేడు పాలిష్ పట్టేవాళ్లు కారు అంచులకు అంటించుకునే టేపు అదే. ఇప్పుడు కారు పాలిష్‌లకు పేరుపడ్డ మెగ్వయర్స్ 1901లో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైంది. క్లియర్ కోట్ పద్ధతి ప్రపంచమంతా పాకింది 1980ల నుంచి.

అంబాసిడర్, పద్మిని రోజుల్లో రంగే పై పూత. పాలిష్ పెడితే గుడ్డకు కారు రంగు అంటేది. పెద్దవాళ్లు దాన్ని చూసి "బాగా పట్టింది" అనుకునేవారు. ఎండకు చచ్చిన పొర ఊడిపోయి కింద కొత్త రంగు బయటపడేది కాబట్టి ఆ మాట నిజమే. పూత కూడా మందంగా ఉండేది. నేటి కారు మీద గుడ్డకు రంగు అంటిందంటే అర్థం వేరు. అక్కడ క్లియర్ కోట్ అయిపోయింది. ఇక ఆ డోరుకో, ఆ బానెట్‌కో మళ్లీ రంగు వేయించడమే, వేల రూపాయల పని. కొన్ని పాత సాలిడ్ రంగులను మినహాయిస్తే ఈ హెచ్చరిక అన్ని కార్లకూ వర్తిస్తుంది.

టింకరింగ్ షెడ్డుల్లో పనిచేసే పెయింటర్ల చేతి నేర్పును తక్కువ చేయడానికి లేదు. ఉన్ని ప్యాడ్ బిగించిన రోటరీ బఫింగ్ మెషిన్‌ను అదుపులో పెట్టడం ఏళ్ల అనుభవం. రేకు ఎంత వేడెక్కిందో అరచేతి వెనకవైపు ఆనించి చెప్పగల మనుషులున్నారు. కానీ ఆ పని లెక్క వేరు. సాయంత్రం కారు ఇచ్చేటప్పుడు మెరవాలి. నూనె, మైనం కలిసిన పాలిష్‌లు గీతల్లో నిండి ఆ మెరుపు ఇస్తాయి, రెండు వాష్‌లకు గీతలు మళ్లీ తేలతాయి. మళ్లీ బఫింగ్, మళ్లీ ఇంకొన్ని మైక్రాన్లు. నాలుగేళ్లలో ఎన్నిసార్లు బఫింగ్ జరిగిందో, ఎంత పోయిందో ఎవరి పుస్తకంలోనూ ఉండదు. ఎంత తీశారో తెలియకుండా తీయించుకునేది ఓనరు, దాని ఫలితం అనుభవించేదీ ఓనరే. కారుతో పదేళ్లు కాపురం చేయాల్సిన మనిషికే ఎక్కడ ఆపాలన్న బాధ ఉంటుంది. సొంతంగా నేర్చుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. డబ్బు మిగలడం దాని తర్వాతి మాట.

నేర్చుకోవడానికి మంచి బడి పాత ఇనుప సామాను కొట్టు. యాక్సిడెంటు బండి బానెట్ ఒకటి, ముదురు రంగుది, తక్కువకే దొరుకుతుంది. సొంత కారు మీద మొదటిసారి మెషిన్ ఆనించేటప్పుడు ఉండే భయం దాని మీద ఉండదు. భయం లేనప్పుడే చెయ్యి తొందరగా నేర్చుకుంటుంది. పూత ఎంత రుద్దితే ఖర్చవుతుందో కూడా అక్కడే, కావాలని రంగు బయటపడేదాకా రుద్ది, చూసుకోవచ్చు. ఒక్కసారి అది చూసిన మనిషి ఆ తర్వాత అంచుల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

మెషిన్‌గా డ్యూయల్ యాక్షన్ పాలిషర్ సరైనది. రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. దీని ప్యాడ్ మాత్రం తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది. 8, 15, 21 మిల్లీమీటర్ల ఊపు ఉన్నవి దొరుకుతాయి. ఒకేచోట వేడి పోగుపడదు కాబట్టి కొత్తవాళ్లు పూత కాల్చే ప్రమాదం తక్కువ. అయిదంగుళాల ప్లేటు, రెండు మూడు రకాల ఫోమ్ ప్యాడ్‌లు, ఒక కోత కాంపౌండు, ఒక సన్న పాలిష్, అరడజను మైక్రోఫైబర్ గుడ్డలు. వీటితో మొదలుపెట్టొచ్చు. ప్లేటు అంచున మార్కర్‌తో ఒక అడ్డగీత గీసుకోవాలి. మెషిన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనబడకపోతే ప్యాడ్ ఊగుతోందే తప్ప తిరగడం లేదని, చెయ్యి ఎక్కువ నొక్కుతోందని అర్థం.

ప్యాడ్ మీద వేరుశనగ గింజంత చుక్కలు మూడో నాలుగో వేసి, మెషిన్ ఆపి ఉండగానే రెండడుగుల చదరంలో పూయాలి. ప్యాడ్ రేకుకు ఆనించి ఉంచే మెషిన్ ఆన్ చేయాలి, ఆనించి ఉంచే ఆపాలి, లేకపోతే కాంపౌండంతా గోడ మీద పడుతుంది. ఆ తర్వాత నడక నింపాదిగా సాగాలి, ప్రతి వరస ముందు వరసను సగం కప్పుతూ. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్లీ అడ్డంగా. తొందరపడితే గీత పోదు, పని మాత్రం అయినట్టుంటుంది. మొదట తెల్లగా, పాలమీగడలా ఉన్న కాంపౌండు మెల్లగా పలచబడి నూనె పొరలాగా పారదర్శకమవుతుంది. మెషిన్ చప్పుడు కూడా మారుతుంది, మొదటి బరువు మోత పోయి తేలికవుతుంది. ఏ పుస్తకమూ ఆ చప్పుడు వినిపించలేదు. చెవి నేర్చుకోవాల్సిందే.

తుడిచాక మురిసిపోకూడదు. మిగిలిన నూనె గీతలను కప్పి ఉండొచ్చు. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి తుడిచి, టార్చి వేసి చూస్తేనే నిజం తెలుస్తుంది. ఈ పరీక్ష ఒక చిన్న చదరం మీద, అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్‌తో, సన్నటి పాలిష్‌తో మొదలవ్వాలి. దానితో పని కాకపోతేనే ఒక మెట్టు గరుకుకు వెళ్లాలి. ఆ చదరంలో కుదిరిన పద్ధతే కారు మొత్తానికి.

ఇక్కడి ఎండలో బయట నిలబెట్టిన బానెట్ మీద చెయ్యి ఆనదు. ఆ వేడికి కాంపౌండు పూసీ పూయగానే ఎండి పొడి అవుతుంది, ఆ పొడి కొత్త గీతలు పెడుతుంది. కాబట్టి నీడ తప్పనిసరి, రేకు చల్లగా ఉండే తెల్లవారుజాము ఇంకా మేలు. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి కాలంలో ఆరుబయట ఈ పని తలపెట్టకూడదు. ప్యాడ్ కింద ఒక్క ఇసుక రేణువు పడితే చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న నాలుగు నెలలే ఈ జిల్లాలో పాలిష్ కాలం.

ఇప్పుడు లెక్క. మెత్తటి ప్యాడ్‌తో పెట్టే తేలిక పాలిష్ ఒక మైక్రాను అటూ ఇటూ తీస్తుంది. కోత పాలిష్ మూడు నాలుగు తీయగలదు. క్లియర్ కోట్‌లో ఏడెనిమిది మైక్రాన్లకు మించి పోతే ఎండను తట్టుకునే శక్తి తగ్గుతుందని పెయింట్ నిపుణులు హెచ్చరిస్తారు. అంటే కారు జీవితకాలంలో గట్టి పాలిష్‌లు ఒకటో రెండో. మందం కొలిచే చిన్న పరికరాలు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నాయి. అవి పొరలన్నిటినీ కలిపి కొలుస్తాయే గానీ క్లియర్ కోట్‌ను విడిగా చెప్పవు, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయవు. అయినా ఒక డోరు 110, పక్క డోరు 250 చూపిస్తే రెండోదానికి ఎప్పుడో రంగు వేశారని తెలిసిపోతుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇదొక్కటే ఆ పరికరం ఖరీదు రాబడుతుంది.

బోరు ఎండిన చోట పక్కనే ఇంకో బోరు, ఇంకా లోతుగా మరొకటి వేసి చూసిన జిల్లా ఇది. తోడినంత తిరిగి ఊరని నిల్వను ఎలా వాడుకోవాలో ఇక్కడి రైతులు కష్టపడి నేర్చుకున్నారు. క్లియర్ కోట్ కూడా ఊరని నిల్వే. గోరుకు తగిలే లోతు గీతను వదిలేయాలని మొదట్లో చెప్పింది అందుకే. దాన్ని పూర్తిగా తీయాలంటే చుట్టూ ఉన్న బాగున్న పూతనంతా బలిపెట్టాలి. దాని అంచులు కాస్త నునుపు చేస్తే సగం మరుగున పడుతుంది, అక్కడితో ఆగిపోవడమే సరైన పాలిష్. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు నూటికి నూరు పాళ్లు గీతలు తీయాలన్న పట్టుదల ఉంటుంది. చెయ్యి కుదిరినవాళ్లు ఎనభై పాళ్ల దగ్గర మెషిన్ పక్కన పెట్టేస్తారు.

సెరామిక్ కోటింగ్ వేయిస్తే ఇవేవీ అక్కర్లేదని చెప్పేవాళ్లున్నారు. దాని మీద రాసే 9హెచ్ అన్నది పెన్సిల్ గట్టిదనపు కొలత, ఖనిజాల కొలత కాదు. హగరి ఇసుక దాన్నీ గీకుతుంది. నీటి చుక్క నిలవకుండా జారిపోవడం, మురికి తేలిగ్గా వదలడం వరకు దాని ఉపకారం నిజం.

కాబట్టి ఈ ప్రాంతంలో కారున్నవాళ్లకు చెప్పాల్సింది పాలిష్ మెషిన్ కొనమని కాదు, ముందు పసుపు గుడ్డ మానేయమని. పొలానికి మందు కొట్టే రకం చేతి స్ప్రేయర్ కొత్తది ఒకటి తెచ్చుకోండి. దుమ్ము మీద ముందు నీళ్లు కొట్టి, దాన్ని కిందికి జారనివ్వండి. తర్వాత కార్ షాంపూ కలిపిన ఒక బకెట్, మంచి నీళ్ల బకెట్ ఇంకొకటి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు పెట్టుకుని, పైకప్పు నుంచి కిందికి, గుడ్డ మడత మారుస్తూ తుడవండి. కిందపడిన గుడ్డ మళ్లీ కారు మీద పెట్టకండి. బోరునీళ్లు ఎండలో ఆరకముందే పొడిగా ఒత్తేయండి. ప్రెషర్ పంపుతో వంద లీటర్లు దాటే పని ఇలా పాతిక లీటర్లలో అయిపోతుంది. ఇది అలవాటయ్యాక, గాలి తగ్గిన చలికాలంలో, పాత బానెట్ మీద చెయ్యి కుదిరాక మెషిన్ పట్టుకోండి. అప్పటికి తీయాల్సిన గీతలు మీరనుకున్నదానికన్నా తక్కువే ఉంటాయి.